చలికాలం గాలం సామాను: కొస నుంచి మొదలుపెట్టండి

దీపావళి దాటి పొద్దున్నే మంచు పడటం మొదలైందంటే చాలు, మా హనుమకొండ పిల్లల దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న. "సార్, ఏ రాడ్ తీసుకోమంటరు?" నేను పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. చెరువుకట్టల మీద గడిపిన పొద్దులు తప్ప ఈ విషయంలో నాకు వేరే డిగ్రీలేమీ లేవు. అయినా అడుగుతున్నారు కనుక చెబుతాను. రాడ్ అన్నిటికంటే చివర కొనాలి. ముందు ఏ చేప, దాని నోరెంత అన్నది చూసుకోవాలి. తర్వాత ఎర, గాలం, దారం, బెండు, సీసం. ఇవన్నీ తేలాక వాటికి సరిపడే కర్ర ఏదో దానంతటదే తేలుతుంది. వానాకాలంలో ఈ వరస తప్పినా ఏదో ఒకటి పడుతుంది. పుష్యమాసంలో పడదు.

1. చలి మనకు కాదు, నీళ్ళకు

మనం చలి అనేది పొద్దుటి గాలిని బట్టి. వరంగల్‌లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి మళ్ళీ 30 దాకా ఎండ. గాలి ఇంత ఎగిరెగిరి పడుతుంది గానీ చెరువు నీళ్ళు అట్లా మారవు. మెల్లగా చల్లబడి మెల్లగానే వేడెక్కుతాయి. చేప ఒంటి వేడి అంటే ఆ నీళ్ళ వేడే. నీళ్ళు చల్లబడితే దానికి అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, తిండి కోసం దూరం ఈదదు. రవ్వ, బొచ్చె మన వేడి నీళ్ళకు అలవాటుపడ్డ చేపలు. 25 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా తిని పెరుగుతాయి. నీళ్ళు 20కి దిగితే వాటికి అదే కశ్మీరు.

బంగారు తీగ సంగతి వేరు. అది చలిదేశాల చేప. 1939లో ఒక రకం నీలగిరులకు వచ్చింది, 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకం మన దేశానికి వచ్చింది. మన చలి దానికి లెక్కలోకి రాదు. కాబట్టి కొత్తగా దిగేవాళ్ళకు నేను చెప్పేది ఇది: చలికాలంలో బంగారు తీగను నమ్ముకోండి, మోసును ఆశించండి, బొచ్చెను మరిచిపోండి. బొచ్చె పైనీళ్ళలో తిరుగుతూ కంటికి ఆనని జీవులను వడగట్టుకుని తింటుంది. చలిలో దాన్ని ఎర దగ్గరికి రప్పించడం చెయ్యి తిరిగినవాళ్ళ పని.

ధర్మసాగర్ వైపు ఒక బెస్తాయన నాతో ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "సారూ, చలికాలం చాప మన ముంగటికి రాదు. మనమే దాని ముంగటికి పోవాలె, సప్పుడు చెయ్యకుంట పోవాలె." చలికాలం సామాను అంతా ఈ రెండు ముక్కల్లో ఉంది. ఎర చేప మూతి ముందు కదలకుండా నిలబడాలి. పట్టుకున్నప్పుడు దానికి బరువు తగలకూడదు.

2. టెన్నెసీ వాళ్ళ పద్ధతి, మనకు పనికొచ్చేంత వరకు

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ మధ్య నాకు వీడియోలు పంపుతున్నారు. తూర్పు టెన్నెసీ, కెంటకీ కొండల మధ్య లోతైన జలాశయాలున్నాయి. అక్కడ చలికాలంలో బాస్ అనే చేపను పట్టడానికి 'ఫ్లోట్ అండ్ ఫ్లై' అని ఒక పద్ధతి వాడతారు. పొడవాటి మెత్తటి రాడ్, సన్నటి దారం, పైన చిన్న బెండు, దానికి 8 నుంచి 14 అడుగుల కింద రెండు గ్రాములైనా తూగని ఈక గాలం. అంతే. దాన్ని గుంజరు, తిప్పరు. అలకు బెండు ఊగితే కింద ఈక వణుకుతుంది, ఆ వణుకు చాలు.

దీని వెనక కారణం ఉంది. ఆ నీళ్ళలో షాడ్ అనే చిన్న చేప ఉంటుంది. నీళ్ళు 5, 6 డిగ్రీలకు దిగేసరికి అది చలికి తట్టుకోలేక నీళ్ళ మధ్యలో వేలాడుతూ కొనఊపిరితో కొట్టుకుంటుంది. నీరసపడ్డ బాస్ దాన్ని తరమక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. ఈక గాలం ఆ చచ్చిపోతున్న షాడ్ వేషం. ఆ ప్రాంతపు డేల్ హాలో జలాశయంలోనే 1955లో స్మాల్‌మౌత్ బాస్ ప్రపంచ రికార్డు చేప పడింది. దాదాపు 5.4 కిలోలు. పడింది మాత్రం జూలైలో, చలికాలంలో కాదు.

మన చెరువుల్లో బాస్ లేదు, చలికి చచ్చే షాడూ లేదు, మన నీళ్ళు ఎన్నడూ 6 డిగ్రీలకు దిగవు. అందుకని అక్కడి సామాను పట్టిక చూసి మక్కీకి మక్కీ ఆర్డర్ పెట్టే పిల్లలను చూస్తే నాకు నవ్వొస్తుంది. తీసుకోవాల్సింది పద్ధతి: పొడవు కర్ర, సన్న దారం, చిన్న బెండు, కదలని ఎర. మిగతాది రామప్ప నీళ్ళను బట్టి, లక్నవరం నీళ్ళను బట్టి మనమే కుదుర్చుకోవాలి.

మనకిది కొత్త విద్య కూడా కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం'లో గాలంతో చేపలు పట్టే వినోదానికి ఏకంగా ఒక భాగం ఉంది. కర్రలు, దారాలు, గాలాలు, ఏ చేపకు ఏ ఎర అన్నీ చెప్పాడు. అప్పటికి మన హనుమకొండ కాకతీయులు ఆ చాళుక్యుల సామంతులే. 1887లో మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి హెచ్.ఎస్. థామస్ కేవలం చెరువుల్లో గాలం వేయడం మీదే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని పుస్తకం వేశాడు.

3. గాలం: చిన్నది, సన్నది, పదునుది

మన చెరువుల్లో చలికాలం పడే చేపల వయసు ఎంతో ఒక్కసారి ఆలోచించండి. వానలకు చెరువు నిండాక చేపపిల్లలను వదులుతారు. ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకం 2016-17లో మొదలైంది. ఆ పిల్లలు సంక్రాంతికి నాలుగైదు నెలలవి. పాత చేపలు కొన్ని ఉంటాయి గానీ గాలానికి తగిలేవి ఎక్కువగా ఈ లేతవే. వాటి నోటికి వానాకాలం రవ్వ కోసం కొన్న గాలం వేస్తే లోపలికి పోదు.

గాలాల నంబర్లు తిరకాసుగా ఉంటాయి. 6 కంటే 10 చిన్నది, 10 కంటే 14 చిన్నది. 1 దాటి 1/0, 2/0 అని పోతే మళ్ళీ పెద్దవి. చలికాలానికి 10, 12 నంబర్లు తెచ్చుకోండి, బంగారు తీగకు 8 కూడా ఉంచుకోండి. కంపెనీ ఏదైనా, ముస్టాడ్ అయినా ఇంకోటైనా, తీగ సన్నగా ఉందా అని చూడండి. లావు తీగ గాలం బరువుకు ఎర ముందే మునిగి బురదలో కూరుకుపోతుంది. పైగా లావు మొన దిగాలంటే గట్టిగా గుంజాలి, సన్న దారం ఆ గుంజుడుకు ఆగదు.

పదును చూడటానికి మొనను బొటనవేలి గోటి మీద మెల్లగా జార్చండి. జారిపోతే మొద్దు, గోరు మీద నిలబడితే పదును. ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేయండి. గాలం తేలిగ్గా దిగుతుంది, పిల్లచేపను వదిలేటప్పుడు మూతి చిరగదు. దారం వదులు చేస్తే చేప తప్పించుకుంటుంది, నిజమే. వదులు చేయకండి.

4. దారం: ఉన్న డబ్బు ముందు ఇక్కడ పెట్టండి

నా మాట మీద నమ్మకముంటే ఈ పాఠం రెండుసార్లు చదవండి. కర్రల గురించి గంటలు మాట్లాడేవాళ్ళు దారం దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటియ్యన్నా" అంటారు.

దారం బలం దాని అడ్డుకొలతకు వర్గంగా పెరుగుతుంది. 0.40 మిల్లీమీటర్ల దారం 0.20 దారానికి రెండింతలు కాదు, నాలుగింతలు ఆగుతుంది. అది విని లావుదే కొందామనుకుంటారు. కానీ లావు దారం నీళ్ళలో బిరుసుగా నిలబడుతుంది, కింద ఎర సహజంగా వేలాడదు, గాలికి పైదారం విల్లులా వంగి బెండును లాక్కుపోతుంది. చలికాలం నీళ్ళు తేరుకుని తేటగా ఉంటాయి కాబట్టి చేప కంటికీ కనిపిస్తుంది. పెద్దదారం 0.20, దాని కొసన గాలం కట్టే అడుగు పొడవు ముక్క 0.16. మన చలికాలం చేపకు ఇది చాలు. మంచి నైలాన్ అయితే 0.20 దారం మూడు కిలోల చిల్లర బరువుకు ఆగుతుంది. ముడి దగ్గర అందులో కొంత పోతుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే చెడుతుంది.

రకాలు మూడు. మామూలు నైలాన్ సాగుతుంది, నీళ్ళకంటే కొంచెమే బరువు, కాబట్టి బెండు పనికి పెద్దదారంగా అదే మంచిది. ఫ్లోరోకార్బన్ నీళ్ళలో తక్కువ కనిపిస్తుంది, గబగబా మునుగుతుంది. గాలం దగ్గరి ముక్కకు వాడండి, మొత్తం రీలు నింపకండి. మూడోది అల్లిక దారం. అది సాగదు, కాబట్టి చలిలో మెల్లగా నోట్లో పెట్టుకునే చేపకు బరువు వెంటనే తగిలి ఉమ్మేస్తుంది. గాలిలో చిక్కులు పడితే విప్పడానికి మీ చలిచేతులకు సాధ్యం కాదు. ఎంత ఖరీదైనదైనా ఈ పనికి అల్లిక దారం వద్దు.

చలికి దారం బిరుసెక్కుతుందని అమెరికా వాళ్ళు భయపడతారు. మనకు ఆ భయం లేదు. మన దారాన్ని చంపేది వేసవి. పోయిన సంక్రాంతికి కొన్న రీలును స్కూటర్ డిక్కీలో పెట్టి, ఏప్రిల్, మే మొత్తం ఆ ఎండలో ఉడకనిచ్చి, మళ్ళీ డిసెంబరులో తీస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. ముడి వేసి లాగితే పుటుక్కుమంటుంది. ఎండ, వేడి రెండూ నైలాన్‌కు శత్రువులు. ఏటా దసరా తర్వాత కొత్త దారం ఎక్కించుకోండి. మిగిలిన చుట్టను బీరువాలో చీకట్లో ఉంచండి.

5. బెండు: దుకాణంలో కాదు, బకెట్లో ఎంచుకోవాలి

చలికాలం చేప బెండును ముంచదు. ఇది తెలియక పొద్దంతా కూర్చుని, "ఒక్కటి కూడా ముట్టలేదు" అని లేచిపోతారు. చేప ముట్టింది, బెండు చెప్పలేదు, అంతే.

బెండు నీళ్ళ పైన ఎంత తేలి ఉంటే దాన్ని ముంచడానికి చేప అంత బలం పెట్టాలి. రంగురంగుల గుండ్రటి ప్లాస్టిక్ బంతి సగం పైకి తేలి ఉందంటే, చేప దాన్ని ముంచేలోపు ఆ బరువు దాని మూతికి తెలిసిపోతుంది. ఆకలి మీదున్న వానాకాలం చేప పట్టించుకోదు. చలికాలం చేప ఉమ్మేస్తుంది. అందుకని సన్నగా పొడుగ్గా ఉండే బెండు తీసుకోవాలి. ఒకటి, రెండు గ్రాముల సీసానికి కొన మాత్రమే పైకి కనిపించేటట్టు ఉండాలి.

ఎంత సీసం పడుతుందో దుకాణంవాడు చెప్పలేడు. ఇంట్లో బకెట్ నిండా నీళ్ళు పోసి, బెండు కింద గాలం, సీసం కట్టి వదలండి. కొన అర అంగుళం మిగిలేదాకా చిన్న చిన్న సీసం గింజలు చేర్చుకుంటూ పోండి. ఆ లెక్కను బెండు మీద పెన్నుతో రాసుకోండి. చెరువు దగ్గర పొద్దున ఆరింటికి వణుకుతున్న వేళ్ళతో ఆ పని చేయలేరు.

సీసాన్నంతా ఒకేచోట కట్టకండి. ఎక్కువ భాగం బెండుకు దగ్గరగా, ఒకే ఒక చిన్న గింజ గాలానికి జానెడు పైన. ఆ చివరి గింజే మీకు కబురు చెప్పేది. మోసు, బంగారు తీగ అడుగున తల కిందికి పెట్టి తిని, మళ్ళీ లేస్తాయి. లేచినప్పుడు ఆ గింజ బరువు బెండు మీద నుంచి పోతుంది. బెండు మునగడానికి బదులు పైకి లేస్తుంది, ఒక్కోసారి నీళ్ళ మీద పడుకుంటుంది. బెండు లేచిందంటే గుంజాల్సిన సమయం అదే. మునిగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

దేనితో చేసింది మంచిది అంటే నేను ఇప్పటికీ రెండు పాతవాటికే ఓటేస్తాను. ఒకటి జీలుగు బెండు, పెళ్ళిళ్ళ బాసికాలు చేసేది. చెరువు అంచుల్లో దొరుకుతుంది, బ్లేడుతో కోస్తే కావలసిన ఆకారం వస్తుంది, పైన గోళ్ళరంగు రెండు పూతలు వేస్తే నీళ్ళు తాగదు. రెండోది నెమలి ఈక కాడ. తేలికగా, నిటారుగా, సన్నగా ఉంటుంది, చిన్న తాకిడికి కూడా స్పందిస్తుంది. రాలిన ఈకనే తీసుకోండి. నెమలి జాతీయ పక్షి, దాన్ని ముట్టుకుంటే జైలు. కొనకు నారింజ రంగు ఒకటి, నల్ల రంగు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. పొద్దున మంచులో నారింజ కనిపిస్తుంది. సూర్యుడు ఎదురుగా వచ్చి నీళ్ళు తళతళలాడేటప్పుడు నల్లదే కనిపిస్తుంది. నా వయసులో కళ్ళద్దాలతో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

దారాన్ని బెండు అడుగు నుంచి మాత్రమే దూర్చండి. పైన, కింద రెండు చోట్లా కడితే ఈశాన్యపు గాలి దారాన్ని పట్టుకుని బెండును ఈడ్చుకుపోతుంది. అడుగున కట్టి, కర్ర కొనను ఒకసారి నీళ్ళలో ముంచి దారాన్ని లోపలికి దింపితే గాలికి చిక్కదు.

6. లోతు తెలియకుండా బెండు కట్టకండి

చలి రాత్రికి పైనీళ్ళు ముందు చల్లబడతాయి. పొద్దున చేప లోతులో ఉంటుంది. మధ్యాహ్నం ఎండ తగిలాక, గాలి వేడినీళ్ళను తోసుకుపోయే నైరుతి అంచుకు, రాతికట్ట వైపు ఎక్కుతుంది. కాబట్టి పొద్దున ఒక లోతు, మూడింటికి ఇంకో లోతు. ఒకేచోట ఒకే లోతులో రోజంతా కూర్చునేవాళ్ళది ఓపిక అనుకుంటాం గానీ అది బద్ధకం.

మా వైపు చెరువుల లోతు పాత లెక్కలతో తెలియదు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చెరువుల్లో పూడిక తీశారు. మట్టి తవ్విన చోట గుంతలు మిగిలాయి. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్ళే వదిలేశారు. చిన్నప్పుడు మోకాలిలోతు అనుకున్న చోట ఇప్పుడు రెండు నిలువుల నీళ్ళుండొచ్చు. చలికాలం చేపలు చేరేది ఆ గుంతల్లోనే. అందుకని ఒక పది గ్రాముల సీసం గుండుకు చిన్న బెండు ముక్క అంటించి సంచిలో వేసుకోండి. గాలాన్ని దాంట్లో గుచ్చి వేస్తే, బెండు మునిగిందా పడుకుందా అన్నదాన్ని బట్టి లోతు దొరికిపోతుంది. చవకైన సామాను, అందరూ మరిచిపోయే సామాను.

రామప్ప, లక్నవరం కట్టల దగ్గర లోతు కర్ర పొడవును దాటిపోతుంది. బెండును దారానికి గట్టిగా కడితే వేయడానికే కుదరదు. అక్కడ జారే బెండు కావాలి. దారం మీద, కావలసిన లోతు దగ్గర నూలుపోగుతో ఒక ముడి వేసి, దాని కింద చిన్న పూస, దాని కింద బెండు. ముడి రీలులోకి దూరిపోతుంది. వేసినప్పుడు బెండు జారి ముడి దగ్గర ఆగుతుంది. దుకాణాల్లో దీనికి రబ్బరు ముక్కలు అమ్ముతారు. కొత్తవాడలో జంపఖానాలు నేసేచోట రాలే నూలుపోగు వాటికంటే బాగా పని చేస్తుంది, తడిస్తే ఉబ్బి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

7. ఎర సంగతి క్లుప్తంగా

ఎరను బాగా తగ్గించండి, అంతే. వానాకాలం నిమ్మకాయంత ముద్ద పెట్టేవాళ్ళు ఇప్పుడు శనగగింజంత పెట్టాలి. తవుడు, పల్లిపిండి గుప్పెళ్ళతో చల్లకండి. ఆకలి లేని చేపకు అన్నప్రాసన చేస్తే మీ ఎర ఎవరు తింటారు? నూనె ఎక్కువున్న పిండి చల్లనీళ్ళలో వాసన తొందరగా వదలదు. నీళ్ళలో కరిగే వాసనలు మేలు. నేను గోధుమపిండిలో కొంచెం ఈతకల్లు మడ్డి, చిటికెడు సోంపుపొడి కలుపుతాను. అన్నిటికన్నా చలికాలం నమ్మదగ్గది ఎర్ర, అంటే వానపాము. చిన్నది, బతికున్నది, ఒక్కటే. ఎర్రల డబ్బాను రాత్రి బయట చలిలో పెట్టకండి, మెత్తబడి కదలడం మానేస్తాయి.

8. కర్ర: పొడవు ముందు, పేరు తర్వాత

ఇప్పుడు అడగండి రాడ్ సంగతి.

సన్న దారాన్ని కాపాడేది మెత్తని కర్ర. చేప ఒక్కసారి గుంజితే బిరుసు కర్ర వంగదు, దెబ్బ దారం మీద పడుతుంది. కొన నుంచి మధ్యదాకా వంగే కర్ర అయితే ఆ దెబ్బను తాను మింగుతుంది. పొడవు 12 నుంచి 15 అడుగులు. దూరం వేయడానికి కాదు ఈ పొడవు. దారాన్ని నీళ్ళ పైనుంచి ఎత్తి పట్టి బెండును నిలబెట్టడానికి, గుర్రపుడెక్క అంచు దాటి ఎరను సరిగ్గా ఆవల దించడానికి. చలికాలం పట్టు చాలావరకు కర్ర పొడవు లోపలే ఉంటుంది. ఎనిమిది అడుగుల బిరుసు స్పిన్నింగ్ రాడ్‌తో ఈ పని చేయబోయేవాళ్ళు రోజూ కనిపిస్తారు. వాళ్ళతో వాదన పెట్టుకోను.

బొంగుకర్ర ఇప్పటికీ చెడ్డది కాదు. నీడన ఆరబెట్టి, మంట మీద వంకలు తీసి, కణుపుల మధ్య దారం చుట్టి వార్నిష్ వేస్తే ఏళ్ళు వస్తుంది. చిక్కల్లా బరువు. గంటల తరబడి చేత్తో పట్టుకోలేరు, నేల మీద పెట్టేస్తారు. పెట్టేస్తే చలికాలపు పట్టు చేజారుతుంది. ముడిచే ఫైబర్‌గ్లాస్ కర్ర మధ్యరకం, కొత్తవాళ్ళకు అదే చెబుతాను. కార్బన్ కర్ర తేలిక, చాలా తేలిక, చేతికి అన్నీ తెలుస్తాయి.

కానీ కార్బన్ గుండా కరెంటు పారుతుంది. మన చెరువుల శికం పొడవునా మోటార్ల కోసం లాగిన తీగలు, కట్ట మీదుగా పోయే 11 కేవీ లైన్లు ఉంటాయి. 15 అడుగుల కార్బన్ కర్రను నిలువుగా పట్టుకుని మంచులో కట్ట ఎక్కే మనిషి తల పైన ఏముందో చూడడు. తీగను తాకనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. మంచుకు తడిసిన బొంగూ, ఫైబరూ కూడా భద్రం కాదు. కర్రను ముడిచి, అడ్డంగా పట్టుకుని నడవండి, కూర్చునే ముందు పైకి చూడండి. ఈ ఒక్క కారణం చేత చిన్నపిల్లలకు కార్బన్ కర్ర కొనివ్వద్దని నా అభిప్రాయం.

9. రీలు

చిన్నది చాలు, 1000 లేదా 2000 సైజు. బేరింగులు ఎన్నున్నాయో లెక్కపెట్టకండి. దారం వదిలే బ్రేకు కుదుపు లేకుండా మెత్తగా వదులుతుందా లేదా చూడండి. దారం బలంలో మూడో వంతుకు ఆ బ్రేకు పెట్టుకోవాలి, అంటే మూడు కిలోల దారానికి కిలో. లగేజీ తూచే కొక్కెం తరాజు ఇంట్లో ఉంటే దారాన్ని దానికి తగిలించి సరిచూసుకోండి.

10. ఈక గాలం మనదగ్గర కూడా పని చేస్తుంది

బాస్ లేకపోయినా ఈక గాలాన్ని మూల పడేయకండి. తిలాపియా, మనవాళ్ళు జిలేబీ అనేది, మధ్యాహ్నపు ఎండకు అంచుకొచ్చినప్పుడు దీన్ని బాగా తీసుకుంటుంది. కొర్రమీను కూడా ఒక్కోసారి. కొర్రమీను మన రాష్ట్ర చేప, పైకి వచ్చి గాలి పీల్చుకుని పోయే చేప. చలికాలం అది పైకి రావడం తగ్గిస్తుంది, కప్పపిల్ల వెంట పరుగెత్తదు. కానీ తామరాకుల అంచున, మూతి ముందు ఏదైనా వణుకుతూ వేలాడితే చిరాకుకైనా కరుస్తుంది. దాని పళ్ళకు 0.16 దారం ఆగదు. ఆ రోజు కొసముక్క 0.30 కట్టుకోండి.

తయారీకి దుకాణం అక్కర్లేదు. 8 నంబరు గాలం, మెడ దగ్గర ఒక గ్రాము సీసం నొక్కి, నాటుకోడి మెడ ఈక ఒకటి, తెల్లమేక వెంట్రుకలు పది పన్నెండు పట్టి, ఎర్రదారంతో బిగించి, ముడి మీద చుక్క గోళ్ళరంగు. ఈకలు తక్కువైతేనే నీళ్ళలో ఆడతాయి. కొత్తవాళ్ళు కట్టినవి గుబురుగా ఉండి కదలవు. బెండు కింద మూడడుగుల్లో వేలాడదీసి, గాలి అలకు వదిలేయండి. అల లేకపోతే కర్ర కొనను వేలితో తట్టండి. తర్వాత ఆగండి. పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఎక్కువసార్లు ఆగినప్పుడే పట్టుకుంటుంది.

11. ఒంటి మీదికి

మంకీ క్యాప్, రెండు పలచటి స్వెటర్లు, వేళ్ళ కొసలు కత్తిరించిన ఉన్ని చేతితొడుగులు. తడి చేయి తుడుచుకోవడానికి రెండు తువ్వాళ్ళు. కింద తాటాకు చాపో, పాత రబ్బరు షీటో వేసుకోండి, రాతికట్ట చలి నడుములోకి దిగుతుంది. మడమ దాటే బూట్లు తప్పనిసరి. చలికాలం పాములు ఎండ కాచుకోవడానికి కట్టరాళ్ళ మీదికే వస్తాయి, రక్తపింజరలు జతకట్టి తిరిగేదీ ఈ నెలల్లోనే. ఈతొచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి. స్వెటర్ తడిస్తే ఈత గీత ఏమీ పని చేయదు. పూడిక గుంతల సంగతి పైన చెప్పాను. నీళ్ళలోకి దిగి గాలం వేయకండి, చిక్కుపడ్డ గాలం కోసం అసలే దిగకండి. పది రూపాయల గాలం అది.

12. అడిగి కూర్చోండి

మన చెరువుల్లో చేప ఎవరిదీ కానిది కాదు. మత్స్య సహకార సంఘం వాళ్ళది. ముదిరాజులు, బెస్తలు, గంగపుత్రులు వానాకాలం పిల్లలను పోసి, వేసవిలో వల వేసేదాకా దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటారు. కర్ర పట్టుకుని కారు దిగే ముందు ఆ ఊళ్ళో సంఘం పెద్దను కలిసి అడగండి. చాలాచోట్ల "కూసో సారూ" అంటారు, వద్దంటే లేచి రండి. చేతికంటే చిన్న చేపను, ఎవరు చూసినా చూడకపోయినా, తడిచేత్తో పట్టి వదిలేయండి. పాకాలలో మాత్రం గాలం మాట ఎత్తకండి. గణపతిదేవుడి కాలపు చెరువు అది, అభయారణ్యంలో ఉంది, మొసళ్ళున్నాయి. చలికాలం పగలు ఒడ్డున ఎండ కాచుకుంటాయి. దూరం నుంచి చూసి రండి.

తెగిన దారం ముక్క ఒక్కటి కూడా కట్ట మీద వదలకండి. ఇదే నెలల్లో చెరువులకు వచ్చే కొంగల కాళ్ళకు అది చుట్టుకుంటే మళ్ళీ ఊడదు. ఇంటికి తెచ్చి, కత్తెరతో అంగుళం ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేయండి.